పబ్లిక్ పాలసీలో మాస్టర్స్ చేయాలనుకుంటే ముందు మీ ప్రశ్న తేల్చుకోండి

పబ్లిక్ పాలసీలో మాస్టర్స్ చేద్దామనుకుంటున్నాను, ఏ యూనివర్సిటీ మంచిది అని అడిగేవాళ్లని నేను ముందు ఒకటే అడుగుతాను, ఏ సమస్య మీద పని చేద్దామని? చాలామంది దగ్గర జవాబు ఉండదు. సమాజానికి ఏదైనా చేయాలని ఉంది అంటారు, ప్రభుత్వం ఎలా నడుస్తుందో తెలుసుకోవాలని ఉంది అంటారు. ఆ కోరిక నిజమైనదే, దాన్ని తక్కువ చేయను. కానీ అదొక్కటే పట్టుకుని బయల్దేరితే ఎస్‌ఓపీ, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే అప్లికేషన్ వ్యాసం, రాసేటప్పుడే చెయ్యి ఆగిపోతుంది. ఎలాగోలా సీటు వచ్చినా ఏ ఎలక్టివ్ తీసుకోవాలి, వేసవిలో ఇంటర్న్‌షిప్ ఎవరిని అడగాలి, ఆఖరి ప్రాజెక్టు దేని మీద చేయాలి అని ప్రతి చోటా టెన్షనే. ఈ డిగ్రీలో ఏ నిర్ణయమైనా తిరిగి తిరిగి ఆ ప్రశ్న దగ్గరికే వస్తుంది, అందుకే నేనూ అక్కడి నుంచే మొదలుపెడుతున్నా.

సమస్య అంటే పెద్దదే అయ్యుండాలని లేదు, కానీ స్పష్టంగా ఉండాలి. విద్య అన్నది ఒక రంగం పేరు, ఐదో తరగతికి వచ్చిన పిల్లలు కూడా ఒక పేరా తడుముకోకుండా చదవలేకపోవడం సమస్య. ఆరోగ్యం రంగం పేరు, టీబీ మందులు ఉచితంగా ఇస్తున్నా రోగులు కోర్సు మధ్యలో ఆపేయడం సమస్య. రవాణా కూడా అంతే, బస్సులు పెంచినా సొంత వాహనాలు ఎందుకు తగ్గలేదు అని అడిగితే అప్పుడు పట్టుకోవడానికి ఏదో దొరికినట్టు. అలాంటిది ఒకటి మీరు ఒక్క వాక్యంలో చెప్పగలగాలి, దాని మీద ఇప్పటిదాకా ఎవరు ఏం చేసి చూశారో, అది ఎక్కడ తేడా కొట్టిందో కొంతైనా తెలిసి ఉండాలి. అంత వరకూ వస్తే మీరు అప్లికేషన్‌కి సిద్ధంగా ఉన్నట్టే. రాకపోతే తొందరేం లేదు, ముందు ఏదో ఒక పనిలో చేరండి, స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ పని కావచ్చు, బడిలో టీచర్ ఉద్యోగం కావచ్చు, ప్రభుత్వ కార్యాలయంలో డేటా చూసే పని కావచ్చు, పత్రికలో రిపోర్టింగ్ కావచ్చు. ఒకటి రెండేళ్లు పనిచేస్తే ఇలా ఎందుకు జరుగుతోంది అని మిమ్మల్ని నిద్రపోనివ్వని విషయం ఒకటి తప్పకుండా దొరుకుతుంది. పైగా ఈ కోర్సుల్లో ఎక్కువ భాగం కాస్త పని అనుభవం ఉన్నవాళ్లనే ఇష్టపడతాయి, డిగ్రీ అవగానే నేరుగా వచ్చేవాళ్లని తీసుకునే స్కూళ్లు లేవని కాదు గానీ, అలా చేరినవాళ్లకి క్లాసులో జరిగే చర్చ సగం గాలిలో తేలినట్టే ఉంటుంది.

ఇంకో మాట కూడా ముందే. ఎన్నికల్లో పోటీ చేయాలన్నా, ఉద్యమాలు నడపాలన్నా, పోటీ పరీక్ష రాసి ప్రభుత్వ సర్వీసులో చేరాలన్నా ఈ డిగ్రీ అక్కర్లేదు. ఒకే అంశాన్ని ఏళ్ల తరబడి లోతుగా పరిశోధించాలనుంటే ఎకనామిక్స్‌లోనో పొలిటికల్ సైన్స్‌లోనో పీహెచ్‌డీ దారి నయం. ఒక నిర్ణయం తీసుకోవాల్సిన వ్యక్తి ఎదురుగా కూర్చుని, మీ ముందు ఈ మూడు దారులున్నాయి, ఒక్కోదానికి ఇంత ఖర్చు, ఇంత లాభం, వీళ్లు ఒప్పుకోరు, నా సలహా ఇది అని చెప్పగలిగే పని కావాలనుకునేవాళ్లకి మాత్రం ఇంతకన్నా మంచి చదువు లేదని నేను గట్టిగా నమ్ముతాను.

పేర్ల గందరగోళం

ఎంపీపీ అంటే మాస్టర్స్ ఇన్ పబ్లిక్ పాలసీ, ఎంపీఏ అంటే మాస్టర్స్ ఇన్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. పుస్తకాల ప్రకారం మొదటిది విశ్లేషణకి, రెండోది నిర్వహణకి. చరిత్ర చూసినా అలాగే ఉంటుంది, అమెరికాలో ప్రభుత్వ యంత్రాంగాన్ని నడిపేవాళ్ల కోసం సిరక్యూజ్‌లో మాక్స్‌వెల్ స్కూల్ 1924లోనే వచ్చింది, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ ముందుపెట్టి విధానాలను లెక్కగట్టి చూసే రకం స్కూళ్లు 1960ల చివర్లో మొదలయ్యాయి, బర్క్‌లీలోని గోల్డ్‌మన్ స్కూల్ 1969 నాటిది. కానీ ఇప్పుడు పేరు చూసి లోపల ఏముందో చెప్పలేం. హార్వర్డ్ కెనడీ స్కూల్లో ఎంపీపీ రెండేళ్ల కోర్సు, చాలా అనుభవం ఉన్నవాళ్ల కోసం పెట్టిన మిడ్ కెరీర్ ఎంపీఏ ఒక ఏడాది. ప్రిన్స్‌టన్‌లో సరిగ్గా తిరగబడి ఉంటుంది, అక్కడ ఎంపీఏ రెండేళ్లు, ఎంపీపీ అనేది ఎన్నో ఏళ్లు పనిచేసి వచ్చినవాళ్ల కోసం ఏడాది కోర్సు. హార్వర్డ్‌లోనే అంతర్జాతీయ అభివృద్ధి మీద ఇంకో ఎంపీఏ ఉంది, దానికి అప్లై చేయాలంటే మైక్రో, మాక్రో ఎకనామిక్స్‌తో పాటు మల్టీవేరియబుల్ కాల్‌క్యులస్ కూడా చదివి ఉండాలి. అంటే పేరులో అడ్మినిస్ట్రేషన్ అని ఉన్న కోర్సులో లెక్కలు, పాలసీ అని ఉన్న చాలా కోర్సుల కన్నా ఎక్కువ. అందుకని వెబ్‌సైట్‌లో మొదటి పేజీ వదిలేసి, తప్పనిసరి సబ్జెక్టుల జాబితా ఉన్న పేజీకి వెళ్లండి. అదే అసలు కోర్సు.

లోపల నేర్పేది ఏమిటి

ఏ దేశంలో చూసినా తప్పనిసరి సబ్జెక్టులు దాదాపు ఒకటే, మైక్రో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, పథకాల ప్రభావాన్ని కొలవడం, ప్రభుత్వ బడ్జెట్, రాజకీయాలూ సంస్థలూ, నీతికి సంబంధించిన ప్రశ్నలు, మనుషులతో పని చేయించడం. జాబితాగా చూస్తే ఏదీ కొత్తగా అనిపించదు. వీటన్నిటినీ ఒకే విషయం మీద పెట్టి చూడటంలోనే ఈ చదువు రుచి తెలుస్తుంది, దానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ తరగతి గదిలో పిల్లల సంఖ్య.

అమెరికాలో టెనసీ రాష్ట్రం 1985లో ఒక పెద్ద ప్రయోగం మొదలుపెట్టింది. కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి దాకా, కొందరు పిల్లల్ని 13 నుంచి 17 మంది ఉండే చిన్న తరగతుల్లోకి, మిగతావాళ్లని 22 నుంచి 25 మంది ఉండే మామూలు తరగతుల్లోకి పంపింది, ఎవరు ఎందులోకి వెళ్లాలన్నది లాటరీ పద్ధతిలో. టీచర్లని కూడా అలాగే కేటాయించారు. చదవడంలోనూ లెక్కల్లోనూ చిన్న తరగతుల పిల్లలు ముందున్నారు, నల్లజాతి పిల్లలకి, పేద పిల్లలకి లాభం ఇంకా ఎక్కువగా కనిపించింది. ఇంతకన్నా శుభ్రమైన సాక్ష్యం విద్యా రంగంలో అరుదు. 1996లో కాలిఫోర్నియా ఖజానాలో బడులకి ఇవ్వడానికి డబ్బు మిగిలింది, ఆ రాష్ట్రం మొదటి మూడు నాలుగు తరగతుల్లో పిల్లల సంఖ్యని 20కి తగ్గించే పని రాష్ట్రమంతటా ఒక్కసారిగా మొదలుపెట్టింది. ఫలితం ఆశించినంతగా రాలేదు. ఒక్కసారిగా అన్ని కొత్త తరగతులంటే అంతమంది టీచర్లు ఎక్కడి నుంచి రావాలి? పూర్తి అర్హత లేనివాళ్లని పెట్టుకోవాల్సి వచ్చింది, అనుభవం ఉన్న టీచర్లు కొందరు మెరుగైన బడుల్లో కొత్తగా వచ్చిన ఖాళీల్లోకి వెళ్లిపోయారు, పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకి కొత్తవాళ్లు మిగిలారు. గదులు చాలక లైబ్రరీల్ని, ఇతర గదుల్ని తరగతులుగా మార్చుకున్న చోట్లు కూడా ఉన్నాయి.

ఇప్పుడు దీన్ని పాలసీ విద్యార్థి ఎలా చూడాలి? స్టాటిస్టిక్స్ క్లాసు టెనసీ పోలిక ఎందుకు నమ్మదగ్గదో చెబుతుంది, అక్కడ తేలింది ఇంకో చోటికి ఎంతవరకు పనికొస్తుందో అడగమని కూడా చెబుతుంది. టీచర్ల సరఫరా రాత్రికి రాత్రి పెరగదని ఎకనామిక్స్ ముందే హెచ్చరిస్తుంది, అదే డబ్బు టీచర్ల శిక్షణ మీద పెడితే ఏమయ్యేదని లెక్క వేయమంటుంది. రాజకీయాల క్లాసులో అసలు ప్రశ్న ఇంకోటి, మెల్లగా, ముందు పేద బడుల్లో మొదలుపెడదాం అన్న ప్రతిపాదన తల్లిదండ్రుల మధ్యా సంఘాల మధ్యా సభలో నెగ్గేదా? నిర్వహణ క్లాసు గదులు లెక్కపెట్టమంటుంది. నాలుగూ అవసరమే, ఏ ఒక్కటి వదిలినా మీ సలహా కుంటుతుంది. ఈ ఒక్క కథని మీకు నచ్చిన సమస్యకి అన్వయించి ఒక సాయంత్రం కూర్చుని రాసి చూడండి, ఆ రాత సరదాగా అనిపిస్తే ఈ చదువు మీకు సరిపోతుంది, విసుగొస్తే ఆ విసుగుని కూడా నమ్మండి.

లెక్కల భయం

ఆర్ట్స్ చదివొచ్చినవాళ్లని ఎక్కువగా వెనక్కి లాగేది ఇదే. నిజానికి మామూలు ఎంపీపీకి కావాల్సింది ఎక్కువేం కాదు, ఆల్జీబ్రా తడబడకుండా చేయగలగాలి, డెరివేటివ్ అంటే ఏమిటో అర్థం కావాలి, సగటు, ప్రాబబిలిటీ, శాంపిల్ లాంటి మాటలు వింటే బెదరకూడదు. రిగ్రెషన్ టేబుల్, అంటే ఒక అంశం ఇంకోదాని మీద ఎంత ప్రభావం చూపుతోందో చెప్పే అంకెల పట్టిక, చదవడం వాళ్లే నేర్పుతారు, కానీ మూడో వారానికల్లా నేర్పేస్తారు, అక్కడే చాలామందికి ఊపిరాడదు. అందుకని చేరడానికి కనీసం ఆరు నెలల ముందు రోజుకి గంట చొప్పున వీటి మీద కూర్చోండి. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో పాఠాలు ఉచితం. అదే ఎంఐటీలో ఆర్థికశాస్త్ర విభాగం, పేదరిక పథకాలని ప్రయోగాలతో పరీక్షించే పరిశోధన కేంద్రం జె-పాల్ కలిసి డేటా, ఎకనామిక్స్, విధాన రూపకల్పన మీద మైక్రోమాస్టర్స్ అని ఆన్‌లైన్ కోర్సులు నడుపుతున్నాయి. వాటిలో చేరడానికి ఏ డిగ్రీ చూపించక్కర్లేదు, అవి బాగా పూర్తి చేసినవాళ్లు ఎంఐటీలో మాస్టర్స్‌కి అప్లై చేసుకునే దారి కూడా ఉంది. 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్‌కి నోబెల్ వచ్చింది పేదరిక నిర్మూలన పథకాలని ప్రయోగాలతో పరీక్షించే పనికే, వాళ్లలో మొదటి ఇద్దరూ ఈ పాఠాలు చెప్పినవాళ్లే. ఆ పాఠాలు వింటే లెక్కలు దేనికో అర్థమవుతుంది, అది అర్థమయ్యాక భయం చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే కొన్ని చోట్ల స్టాటా, కొన్ని చోట్ల ఆర్ వాడతారు. ఆర్ ఉచితం కాబట్టి దాంతో మొదలుపెట్టండి, ఎక్సెల్ మాత్రం బాగా రావాలి, ఉద్యోగంలో అన్నిటికన్నా ఎక్కువ వాడేది అదే.

స్కూలు ఎలా ఎంచుకోవాలి

ర్యాంకింగ్‌లు చూడొద్దని చెప్పను, కానీ వాటితో మొదలుపెట్టొద్దు. మొదట తేల్చుకోవాల్సింది ఏడాదా, రెండేళ్లా అన్నది. ఆక్స్‌ఫర్డ్ బ్లవత్నిక్ స్కూల్ ఎంపీపీ ఏడాదిలో అయిపోతుంది, బ్రిటన్‌లో చాలా కోర్సులు అంతే. ఇప్పటికే ఈ రంగంలో ఉండి, తిరిగి వెళ్లడానికి ఉద్యోగం ఉన్నవాళ్లకి అది బాగుంటుంది, ఖర్చు తక్కువ, సమయం తక్కువ. వేరే రంగం నుంచి మారాలనుకునేవాళ్లు, ఉదాహరణకి ఇంజనీరింగ్ ఉద్యోగం వదిలి వచ్చేవాళ్లు, రెండేళ్ల కోర్సే తీసుకోవాలని నా అభిప్రాయం, ఎందుకంటే మధ్యలో వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్పే మీ రెజ్యూమెలో పాలసీ పని అని చెప్పుకోదగ్గ మొదటి విషయం అవుతుంది. ఏడాది కోర్సులో చేరిన రెండో నెల నుంచే ఉద్యోగాల వేట మొదలుపెట్టాలి, అప్పటికి చెప్పుకోవడానికి ఇంకా ఏమీ ఉండదు.

తర్వాత లెక్కల పాలు ఎంతో చూడండి. షికాగో హారిస్ స్కూల్ అంకెల మీద ఎక్కువగా నిలబడుతుంది, కార్నెగీ మెలన్‌లోని హైన్జ్ కాలేజీలో డేటా, టెక్నాలజీ పాలు ఎక్కువ. పారిస్‌లో సియాన్స్ పో, బెర్లిన్‌లో హెర్టీ స్కూల్, సింగపూర్‌లో లీ క్వాన్ యూ స్కూల్, టోక్యో యూనివర్సిటీలోని పబ్లిక్ పాలసీ స్కూల్, వీటన్నిటిలోనూ ఇంగ్లిష్‌లో చదువుకోవచ్చు, అమెరికా చుట్టూనే తిరగాల్సిన పని లేదు. మీ సమస్య ఏ ప్రాంతానిదో ఆ ప్రాంతానికి దగ్గరగా చదివితే పరిచయాలు పనికొస్తాయి, ఆసియా నగరాల రవాణా మీద పనిచేయాలనుకునేవాళ్లకి సింగపూర్‌లో దొరికే పరిచయాలు బోస్టన్‌లో దొరకవు.

ఆఖరి ప్రాజెక్టు ఎలా ఉంటుందో కూడా చూడాలి, నేనైతే దీనికి అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇస్తాను. హార్వర్డ్‌లో పాలసీ అనాలిసిస్ ఎక్సర్‌సైజ్ అని, గోల్డ్‌మన్ స్కూల్లో అడ్వాన్స్‌డ్ పాలసీ అనాలిసిస్ అని పేర్లు వేరు, పద్ధతి ఒకటే, నిజంగా ఉన్న ఒక ప్రభుత్వ శాఖ కోసమో సంస్థ కోసమో వాళ్లు అడిగిన ప్రశ్న తీసుకుని నెలల తరబడి పనిచేసి సలహా రాసివ్వాలి. ఇలాంటి ప్రాజెక్టు లేకుండా క్లాసులూ పరీక్షలతో ముగిసే కోర్సు ఉంటే రెండుసార్లు ఆలోచించండి. స్కూలు వెబ్‌సైట్‌లో గత విద్యార్థుల ప్రాజెక్టుల శీర్షికలు ఉంటాయి, అవి వరసగా చదువుతూ పోతే ఆ స్కూలు మనసు ఎక్కడుందో తెలిసిపోతుంది. అలాగే ప్రతి ఏడాదీ ఇచ్చే ప్లేస్‌మెంట్ రిపోర్టులో సగటు జీతం వదిలేసి, ఎంతమంది ప్రభుత్వాల్లో చేరారు, ఎంతమంది కన్సల్టింగ్‌కి వెళ్లారు, విదేశీ విద్యార్థులు ఎక్కడ తేలారు అన్నది చూడండి. చివరి అంకె విడిగా ఇవ్వకపోతే అడ్మిషన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టి అడగండి, అడగడం మీ హక్కు.

డబ్బు సంగతి

దీని మీద మొహమాటం లేకుండా చెబుతాను. ఈ రంగంలో మంచి ఉద్యోగాల్లో చాలావాటికి జీతాలు ఒక మోస్తరుగానే ఉంటాయి. పెద్ద అప్పు చేసి ఈ డిగ్రీ చదివితే, బయటికి వచ్చాక ఏ పని కోసం చదివారో అది చేయలేక, అప్పు తీర్చగల జీతం ఇచ్చే కంపెనీ వెతుక్కోవాల్సి వస్తుంది. అప్పుడు ఈ చదువు చదివిన ప్రయోజనమే పోతుంది. కాబట్టి స్కాలర్‌షిప్ వెతకడాన్ని అప్లికేషన్ తర్వాత చేసే పనిగా కాకుండా, అప్లికేషన్ కన్నా ముందు చేసే పనిగా పెట్టుకోండి.

బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ ఏడాది మాస్టర్స్‌కి సరిపోతుంది, దానికి 2,800 గంటల పని అనుభవం, అంటే సుమారు రెండేళ్లు ఉండాలి, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. అమెరికా వెళ్లేవాళ్లకి ఫుల్‌బ్రైట్ 1946 నుంచీ ఉంది, దీనికీ తిరిగి వెళ్లే షరతు ఉంటుంది. జర్మనీలో విదేశీ విద్యార్థులకి స్కాలర్‌షిప్‌లిచ్చే సంస్థ డీఏఏడీ నడిపే హెల్ముట్ ష్మిత్ కార్యక్రమం అభివృద్ధి చెందుతున్న దేశాల నుంచి వచ్చి పబ్లిక్ పాలసీ, సుపరిపాలన చదివేవాళ్ల కోసమే పెట్టింది, కోర్సుకి ముందు జర్మన్ భాష కూడా నేర్పిస్తారు. జపాన్ ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు కలిసి ఇచ్చే స్కాలర్‌షిప్‌కి అభివృద్ధి రంగంలో కనీసం మూడేళ్ల పని అనుభవం అడుగుతారు. యూరప్‌లో రెండు మూడు యూనివర్సిటీల్లో తిరుగుతూ చదివే ఎరాస్మస్ ముండుస్ మాస్టర్స్‌లో కూడా పబ్లిక్ పాలసీ ఉంది, ఎంపికైతే ఫీజు పోగా నెలనెలా భత్యం కూడా వస్తుంది. ఇక ప్రిన్స్‌టన్ అయితే ఎంపీఏలో సీటు ఇచ్చిన ప్రతి విద్యార్థికీ ట్యూషన్ ఫీజు తనే భరిస్తుంది, అందుకే అక్కడ సీటు అంత కష్టం.

ఈ స్కాలర్‌షిప్‌ల గడువులు చాలాసార్లు యూనివర్సిటీ గడువు కన్నా ముందే ముగుస్తాయి, చెవెనింగ్ దరఖాస్తులు చదువు మొదలయ్యే దానికి దాదాపు ఏడాది ముందే కట్టేస్తారు. సీటు వచ్చాక, ఇంకో స్కూలు ఎక్కువ ఇస్తానంది, మీరేమైనా పెంచగలరా అని మర్యాదగా ఒక మెయిల్ రాయడంలో తప్పేం లేదు, చాలామంది సిగ్గుపడి రాయరు గానీ, రాస్తే కొన్నిసార్లు పెంచుతారు.

అప్లికేషన్ రాయడం

జీఆర్ఈ గురించి ఎక్కువ మథనపడకండి, చాలా స్కూళ్లు దాన్ని ఐచ్ఛికం చేశాయి. అయితే మీ డిగ్రీలో లెక్కలు లేకపోతే మాత్రం రాయండి, క్వాంట్‌లో, అంటే అందులోని లెక్కల భాగంలో, మంచి స్కోరు వస్తే మీ మీద ఉండే ఒకే ఒక్క అనుమానం తీరిపోతుంది. 2023 సెప్టెంబర్ నుంచి పరీక్ష రెండు గంటల లోపే అయిపోతోంది, స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లే చెల్లుతాయి కాబట్టి మరీ ముందుగా రాయొద్దు.

ఎస్‌ఓపీ మీద మాత్రం నెలలు పెట్టండి. చిన్నప్పటి నుంచీ దేశసేవ చేయాలని కల అని మొదలయ్యే వ్యాసాలు అడ్మిషన్ కమిటీ వాళ్లు రోజూ చూస్తూనే ఉంటారు. దాని బదులు ఇలా మొదలవుతుందనుకోండి, "మా సంస్థ మూడు జిల్లాల్లో పిల్లలకి కళ్లద్దాలు ఉచితంగా ఇచ్చింది, ఏడాది తర్వాత వెళ్లి చూస్తే సగం మంది పెట్టుకోవడం లేదు, ఎందుకో తెలుసుకునే పద్ధతి మా దగ్గర లేదు." ఇక్కడ ఒక సమస్య ఉంది, మీరు దగ్గరుండి చూసిన ఆధారం ఉంది, మీకు ఏం రాదో కూడా ఉంది. ఆ రానిదాన్ని ఈ స్కూల్లో ఏ కోర్సు, ఏ ప్రొఫెసర్ పరిశోధన, ఏ ప్రాజెక్టు తీరుస్తుందో తర్వాతి పేరాలో రాయండి, చదువయ్యాక ఎక్కడ పనిచేయాలనుకుంటున్నారో చివర రాయండి, సంస్థ పేరుతో సహా రాస్తే ఇంకా మంచిది. స్కూలు పేరు తీసేసి ఇంకో స్కూలు పేరు పెట్టినా మీ వ్యాసం సరిపోతోందంటే అది ఇంకా పూర్తి కాలేదన్నమాట.

రికమెండేషన్ లెటర్ల విషయంలో పెద్ద హోదా ఉన్నవాళ్ల కోసం పరిగెత్తకండి. మీతో ఆరు నెలలు కూడా పనిచేయని డైరెక్టర్ రాసిన నాలుగు పొగడ్తల కన్నా, మీ పక్కన కూర్చుని మీ తప్పులు దిద్దిన మేనేజర్ రాసిన ఒక సంఘటన వంద రెట్లు పనిచేస్తుంది. అడిగేటప్పుడు మీ ఎస్‌ఓపీ డ్రాఫ్టూ, మీరు కలిసి చేసిన పనుల్లో గుర్తుచేయాలనుకున్న రెండు మూడు విషయాలూ రాసి ఇవ్వండి, గడువుకి కనీసం రెండు నెలల ముందు అడగండి.

కొన్ని స్కూళ్లు ఒక పాలసీ మెమో కూడా రాయమంటాయి. ఇక్కడ కాలేజీ వ్యాసం అలవాటు వదిలిపెట్టాలి. చదివే వ్యక్తికి ఐదు నిమిషాలే ఉంటాయనుకోండి, మీ సలహా మొదటి పేరాలోనే ఉండాలి, ఉపోద్ఘాతం అక్కర్లేదు. తర్వాత సమస్య ఎంత పెద్దదో, వేరే దారులు ఏమున్నాయో, మీ దారికి ఎంత ఖర్చవుతుందో, ఎవరు అడ్డుపడతారో చెప్పాలి. మీ సలహా తప్పయ్యే అవకాశం ఎక్కడుందో ఒక్క వాక్యంలో ఒప్పుకుంటే చదివేవాళ్లకి మీ మీద నమ్మకం పెరుగుతుంది.

చేరాక

మొదటి సెమిస్టర్ తప్పనిసరి సబ్జెక్టులతోనే గడిచిపోతుంది, ఊపిరి తీసుకునే తీరిక ఉండదు, దానికి సిద్ధపడి వెళ్లండి. ప్రొఫెసర్ల ఆఫీస్ అవర్స్‌కి మొదటి నెలలోనే వెళ్లి మీ సమస్య చెప్పండి, అలా వెళ్లినవాళ్లకే రీసెర్చ్ అసిస్టెంట్ పనులు ముందు దొరుకుతాయి. గ్రూప్ ప్రాజెక్టుల్లో ఎప్పుడూ మీకు వచ్చిన పనే తీసుకోకండి, రాత బాగా వచ్చినవాళ్లు ఒకసారైనా డేటా పని తీసుకోవాలి, డేటా బాగా వచ్చినవాళ్లు ఒకసారైనా జనం ముందు నిలబడి చెప్పాలి. ఇక్కడ తప్పు చేస్తే పోయేది కొన్ని మార్కులే.

విదేశంలో చదివేవాళ్లు ఒక విషయం మొదటి రోజు నుంచే గుర్తుపెట్టుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగాలు చాలా దేశాల్లో ఆ దేశ పౌరులకే ఇస్తారు. క్లాసులో మీ పక్కన కూర్చున్నవాళ్లు నేరుగా మంత్రిత్వ శాఖల్లోకి వెళుతుంటే మీకు ఆ తలుపు తెరుచుకోకపోవచ్చు. మీకు మిగిలేవి అంతర్జాతీయ సంస్థలు, విధానాల మీద పరిశోధన చేసి సలహాలిచ్చే థింక్ ట్యాంకులు, యూనివర్సిటీ పరిశోధన కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థలు, కన్సల్టింగ్ కంపెనీలు, లేదా స్వదేశానికి తిరిగి వెళ్లడం. అంతర్జాతీయ సంస్థల్లో ఇంగ్లిష్‌తో పాటు ఫ్రెంచో స్పానిషో అరబిక్కో వస్తే చాలా తేడా ఉంటుంది, రెండేళ్లలో ఖాళీ ఉన్న ఒక కోర్సుని భాషకి వాడుకోవడం మంచి ఆలోచన. స్వదేశానికి వెళ్లాలనుకునేవాళ్లు చదివినన్నాళ్లూ అక్కడివాళ్లతో సంబంధాలు తెంచుకోకూడదు, వేసవి ఇంటర్న్‌షిప్ అక్కడే చేసినా తప్పు లేదు.

ఇంటర్న్‌షిప్ కోసం ప్రకటనలొచ్చే దాకా ఆగకండి. మీకు నచ్చిన రిపోర్టు ఒకటి చదివి, అది రాసినవాళ్లకి నాలుగు వాక్యాల మెయిల్ రాయండి, మొదటి వాక్యంలో ఆ రిపోర్టులో మీకు ఉపయోగపడిన విషయం, రెండో వాక్యంలో మీరెవరో, మూడో వాక్యంలో మీరు చేయగల పని, నాలుగో వాక్యంలో పావుగంట మాట్లాడొచ్చా అన్న ప్రశ్న. పది రాస్తే ఎక్కువమంది జవాబివ్వరు, అయినా రాస్తూనే ఉండండి, ఇచ్చే ఒకరిద్దరే చాలు.

ఆఖరి ప్రాజెక్టుకి క్లయింట్‌ని స్కూలు ఇచ్చే జాబితా నుంచే తీసుకోవాలని లేదు, చాలా స్కూళ్లలో మీరే తెచ్చుకోవచ్చు. మీరు ఎస్‌ఓపీలో రాసిన సమస్య మీద పనిచేసే ఆఫీసు ఏదో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది, వాళ్లనే అడగండి. ఒప్పుకున్నాక రెండు విషయాలు మొదటి సమావేశంలోనే రాతపూర్వకంగా తేల్చుకోండి. డేటా ఏ తేదీకి చేతికిస్తారన్నది ఒకటి, ఇది తేలకుండా మొదలుపెట్టిన ప్రాజెక్టులు సగం సెమిస్టర్ ఎదురుచూపుల్లోనే పోగొట్టుకుంటాయి. రిపోర్టుని ఉద్యోగ దరఖాస్తుల్లో మీ రాతకి నమూనాగా చూపించుకోవచ్చా అన్నది రెండోది. కుదరదంటే, పేర్లూ అంకెలూ తీసేసి రెండు పేజీల సారాంశమైనా చూపించుకోవడానికి అనుమతి అడగండి, ఎక్కువమంది దానికి సరేనంటారు.